గోడను మోస్తున్న కిటికీ: విశాఖలో ఒక పాతింటి ఇనప ఫ్రేములు తీసిన పని

మాస్టారి ఇల్లు విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉంది. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. 1978లో కట్టిన ఇల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా. పదకొండు కిటికీలు, అన్నీ ఇనపవే. ఆ రోజుల్లో టేకు కొనలేని మధ్యతరగతి వాళ్లకి ఇనప కిటికీ గొప్ప సదుపాయం. చెద పట్టదు, వానకి ఉబ్బదు, ఫ్రేము సన్నగా ఉంటుంది కాబట్టి వెలుతురు ఎక్కువ వస్తుంది. చిక్కల్లా ఒకటే, ఉప్పు గాలికి ఇనుము నిలవదు.

పాత కిటికీలు, తలుపులు ఊడదీసి కొత్తవి బిగించడం పద్దెనిమిదేళ్లుగా నా పని. ఈ ఇంట్లో పదకొండింటిలో తొమ్మిది తీశాను. ఎనిమిది అనుకున్నట్టే వచ్చాయి. తొమ్మిదోదాని దగ్గర నేను చూడాల్సింది చూడలేదు. ఇది రాస్తున్నది ప్రధానంగా ఆ తొమ్మిదోదాని కోసమే. మిగిలినవాటి సంగతి పని తెలిసినవాళ్లు చాలామందికి తెలిసిందే కనుక, అవసరమైనంత మేరకే చెబుతాను.

మొదటిసారి వెళ్లింది డిసెంబరులో. పెద్దమ్మాయి మార్చిలో పురిటికి వస్తుందని, ఫిబ్రవరి ఆఖరికల్లా పని అయిపోవాలని అమ్మగారు ముందే చెప్పేశారు. "కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా ఇల్లు కదపకూడదు బాబూ" అన్నారు. నేను ఇలాంటివి పెద్దగా పట్టించుకునే మనిషిని కాను. కానీ గోరుతో కిటికీ మూల పెయింటు గీకి చూశాక, ఈ ఇంటి విషయంలో ఆవిడ మాటే నాకూ ఖాయం అనిపించింది. పైన మీగడ రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద బూడిద రంగు, అన్నింటికీ అడుగున సిందూరం రంగు. రెడ్ ఆక్సైడ్ అయితే ఇటుక రంగులో ఉంటుంది. ఇది నారింజకి దగ్గరగా ఉంది. అప్పట్లో ఇనుముకి తుప్పు పట్టకుండా రెడ్ లెడ్ వేసేవారు, అంటే సీసం. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఏ ఎనామిల్ పెయింటునీ నేను నమ్మను. ఇనుము కోసే గ్రైండరు పెడితే ఆ పొర సన్నటి పొడై ఇల్లంతా పరుచుకుంటుంది. ఆ సీసం తల్లి రక్తంలో నుంచి కడుపులో బిడ్డకీ వెళ్తుంది. పరీక్ష చేయించే ఖర్చుకన్నా, సీసం ఉన్నట్టే అనుకుని పని చేసుకోవడం చవక. అలాగే చేశాం.

ఏ కిటికీ తీయాలి, ఏది ఉంచాలి అన్నది స్క్రూడ్రైవరుతో తేల్చుకుంటాను. ఇనప కిటికీ ఎప్పుడూ కింద నుంచే పాడవుతుంది. అద్దం చుట్టూ పుట్టీ ఎండి పగులుతుంది. ఈ పుట్టీ సుద్దపొడి, అవిసె నూనె కలిపి పిసికినది, ఏళ్లు గడిస్తే రాయిలా బిగుస్తుంది. ఆ పగుల్లోంచి దిగిన నీళ్లు అడుగు కమ్మీలో నిలుస్తాయి. అందుకని కింది రెండు మూలల్లో స్క్రూడ్రైవరు గట్టిగా గుచ్చి చూస్తాను. లోపలికి దిగిపోతే ఆ ఫ్రేము ఆయుష్షు తీరినట్టే. దిగకుండా పొట్టు మాత్రమే రాలితే గీకి, ప్రైమరు వేసి ఉంచేయొచ్చు. ఈ లెక్కన మెట్ల దగ్గర వెంటిలేటరు, లోపలి వసారా వైపున్న చిన్న కిటికీ బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. "అన్నీ ఒకేసారి మార్చేద్దాం, చూడ్డానికి ఒకేలా ఉంటాయి" అన్నారు మాస్టారు. రెండు కిటికీల డబ్బు మిగులుతుందంటే ఒప్పుకున్నారు.

కొలతలు తీసుకుంటుంటే, కింద ముందు గదిలోని ఆరడుగుల పెద్ద కిటికీ గురించి అమ్మగారు ఒక మాట అన్నారు: "దీని మధ్య రెక్క ఏనాడో పట్టేసింది బాబూ, నాలుగైదేళ్లయింది తెరిచి." నోట్‌బుక్‌లో రాసుకున్నాను, "మ. రెక్క జామ్" అని. పక్కన "తుప్పు" అని కూడా రాసుకున్నాను. ఆ రెండో మాట నేను కలిపింది. ఆవిడ అనలేదు.

పని సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. ఈశాన్య రుతుపవనాలు తగ్గిపోయి, గోడలు పొడిగా ఉండే కాలం కాబట్టి కిటికీ పనికి ఇక్కడ జనవరి, ఫిబ్రవరి నెలలే మంచివి. నేను, ఒక తాపీ మేస్త్రి, వెల్డింగు తెలిసిన కుర్రాడు, ఒక హెల్పరు. రోజుకి రెండు కిటికీలకి మించి తీయకూడదని ముందే అనుకున్నాం. తీసిన కిటికీ స్థానంలో సాయంత్రానికి కొత్తది నిలబడాలి. రాత్రి పూట ఇల్లు బార్లా తెరిచి ఉంచలేం కదా.

మామూలుగా ఫ్రేము ఎలా వస్తుందో ముందు చెబితే, తొమ్మిదోదాని దగ్గర తేడా అర్థమవుతుంది.

ఇనప ఫ్రేముని గోడలో పట్టి ఉంచేవి చేప తోకలా చీల్చిన చిన్న పట్టీలు. మేం లగ్గులు అంటాం. నాలుగంగుళాల పొడవు ఉంటాయి, ఒక్కో పక్క రెండో మూడో, ఇటుకల మధ్య కాంక్రీటు దిమ్మలో పాతుకుని ఉంటాయి. వీటిని తప్పిస్తే ఫ్రేముకీ గోడకీ ఉన్న సంబంధం పైన పూసిన ప్లాస్టింగు మాత్రమే. చాలామంది చేసే తప్పు ఏమిటంటే, లగ్గు ఎక్కడుందో చూడకుండా గునపం దూర్చి పెకలించడం. లగ్గుతో పాటు కాంక్రీటు దిమ్మ, దిమ్మతో పాటు నాలుగు ఇటుకలు, పక్క గదిలో ప్లాస్టింగు, అన్నీ ఊడొస్తాయి. కిటికీ తీసిన ఖర్చుకి రెండింతలు గోడకి అవుతుంది.

మా పద్ధతి ఇది. గదిలో పరుపులు, కర్టెన్లు బయటికి పంపేసి, కదలని వాటి మీద బరకం కప్పుతాం. తలుపు సందులకి తడి గుడ్డలు కుక్కుతాం. ముందు రెక్కలు దించాలి. బందులు తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి, వాటితో పోట్లాడకుండా బందు మధ్యలో కోసేయడం మేలు. అద్దం మీద అడ్డదిడ్డంగా టేపు అతికించి, రెక్కని నేల మీద పడుకోబెట్టాకే అద్దం తీయాలి. నిలబెట్టి తీస్తే విరిగిన ముక్క కత్తిలా జారి మణికట్టు మీద పడుతుంది. తర్వాత ఫ్రేము చుట్టూ అంగుళం దూరంలో ప్లాస్టింగు మీద డైమండ్ బ్లేడుతో గీత కోస్తాం. ఆ గీత ఉంటే పెచ్చు అక్కడిదాకా వచ్చి ఆగుతుంది, లేకపోతే గోడ సగం దాకా లేస్తుంది. గీతకీ ఫ్రేముకీ మధ్య ప్లాస్టింగు ఉలితో తీసేస్తే లగ్గులు బయటపడతాయి. వాటిని ఫ్రేము అంచున కోసి, గోడలో ముక్కని అలాగే వదిలేసి, దాని మొహానికి జింకు ప్రైమరు పూసి మూసేస్తాం. పక్క కమ్మీని మధ్యలో ఒక్క కోత కోసి గది లోపలివైపు లాగితే ఫ్రేము మడతపడినట్టు లోపలికి వచ్చేస్తుంది. నాలుగు వైపులా స్వేచ్ఛ వచ్చాక ఫ్రేముకి బలం అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు.

కోత పడే ప్రతి చోటా ముందుగా నీళ్లు చల్లి, పెయింటు మూడు వేళ్ల వెడల్పున గీకి, ఆ పెచ్చుల్ని కవర్లో కట్టాం. బట్టలు ఉతుక్కునే చోట కాకుండా వేరే బకెట్లో చేతులు కడుక్కోమని కుర్రాళ్లకి చెప్పాను. గ్రైండరు వాడిన చోట గార్డు తీయకూడదన్నది నా దగ్గర పనిచేసేవాళ్లకి ఒకటో నంబరు షరతు. గార్డు పీకేసి పెద్ద బ్లేడు బిగించడం మన దగ్గర మామూలైపోయింది. ఇంకో సంగతి, నిప్పురవ్వలు అద్దం మీద పడితే కరిగిన ఇనుము అద్దానికి అతుక్కుని చుక్కలు చుక్కలుగా మిగిలిపోతుంది, ఎంత తుడిచినా పోదు. వెనక సందులో పక్కింటి వాళ్ల కారు ఉంది. దాన్ని జరపమని అడగడానికి నేనే వెళ్లాను, కాఫీ తాగి గానీ వదల్లేదు.

మొదటి నాలుగు రోజుల్లో ఎనిమిది కిటికీలు ఇలాగే వచ్చాయి. నాలుగడుగుల కిటికీ ఒక్కోటి ఊచలతో కలిపి ముప్ఫై కిలోల పైన తూగింది. వంటింటి కిటికీ అడుగు కమ్మీ అయితే చేత్తో పట్టుకుంటే అట్టలు అట్టలుగా విడిపోయింది.

అయిదో రోజు పొద్దున పెద్ద కిటికీ మొదలుపెట్టాం. ఆరడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు, మూడు భాగాలు, మధ్యలో రెండు నిలువు కమ్మీలు. ఊచలు ఇందులో అడ్డంగా ఉన్నాయి, మిగిలిన వాటిలో నిలువుగా. ఈ చిన్న తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఊచలు నిలువుగా ఉండుంటే వాటిని కోసేటప్పుడే సంగతి తెలిసిపోయేది. రెక్కలు దించాం. మధ్య రెక్క మాత్రం దిగలేదు, దాన్ని రెండు ముక్కలు చేసి తీశాం. ఊచలు కోశాం, లగ్గులు కోశాం. ఫ్రేము పెద్దది కాబట్టి ముందు నిలువు కమ్మీలు కోసి మూడు ముక్కలుగా తీద్దామనుకున్నాం.

వెల్డరు కుర్రాడు ఎడమ నిలువు కమ్మీ మీద, నడుం ఎత్తులో గ్రైండరు పెట్టాడు. ముప్పావు వంతు తెగింది. ఒక్కసారిగా బ్లేడు పట్టేసింది. గ్రైండరు వాడి చేతుల్లోంచి వెనక్కి తన్నింది, బ్లేడు అంచు ముక్క విరిగి గార్డుకి కొట్టుకుని కింద పడింది. వాడికేమీ కాలేదు. నా కళ్లు మాత్రం వాడి మీద లేవు. కమ్మీ మీద కోసిన సందు మూసుకుపోయి ఉంది. నిలబడి ఉన్న కమ్మీకి అడ్డంగా కోత పెడితే సందు తెరుచుకునైనా ఉండాలి, అలాగే అయినా ఉండాలి. మూసుకుందంటే పైనుంచి ఏదో నొక్కుతోంది. అంతలో లింటెల్, అంటే కిటికీ ఖాళీ పైన గోడని మోసే కాంక్రీటు దూలం, దాని అంచు నుంచి పిండి రాలినట్టు పొడి రాలింది.

"అందరూ వెనక్కి రండి" అన్నాను. మేస్త్రికి చెప్పక్కర్లేకపోయింది, ఆయన అప్పటికే పైకి చూస్తున్నాడు. "బాబూ, ఇది కిటికీ కాదు, స్తంభం" అన్నాడు.

మొదట చేసింది, బయట సన్‌షేడ్ కింద ఎవరూ నిలబడకుండా తాడు కట్టడం. పై వాటా వాళ్లని ముందు గదిలోంచి వెనక్కి వెళ్లమన్నాం. తర్వాత కోసిన సందులోకి ఒక ఇనప రేకు ముక్క కొట్టి, కమ్మీకి రెండు పక్కలా యాంగిల్ ముక్కలు పెట్టి సీ క్లాంపులతో బిగించాం, విరిగిన కాలికి బద్దలు కట్టినట్టు. అదృష్టం ఏమిటంటే ఫ్రేము గోడ మందంలో బయటి అంచుకి ఉంది, లోపలివైపు సిల్ మీద, అంటే కిటికీ అడుగు గట్టు మీద, ఆరంగుళాల చోటు మిగిలింది. ఆ చోట పలక పరిచి, నాలుగు సరుగుడు దుంగలు నిలబెట్టి, పైన లింటెల్ కింద ఇంకో పలక పెట్టి, మధ్యలో ఎదురెదురుగా చెక్క చీలలు కొట్టి బిగించాం. చీల మరీ గట్టిగా కొట్టకూడదు. మన పని బరువుని పట్టుకోవడం, పైకెత్తడం కాదు. పైకెత్తబోతే ఉన్న పగులు పెద్దదవుతుంది. ఇదంతా నలభై నిమిషాల్లో అయింది. ఆ తర్వాతే టీ తాగాం.

ఇప్పుడు తీరిగ్గా చూస్తే అన్నీ కనిపించాయి. ఫ్రేము పై కమ్మీకి ఈ మూల నుంచి ఆ మూలకి నూలు దారం లాగి కట్టాను, మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి వంగి ఉంది. అంటే మధ్య రెక్కని పట్టేసింది తుప్పు కాదు, వంగిన కమ్మీ. దారం కట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. డిసెంబరులో కట్టి ఉంటే ఇది నోట్‌బుక్‌లోనే తేలిపోయేది.

గోడ బరువు కిటికీ మీదికి ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. కట్టినప్పుడు అలా లేదు. ఇలాంటి కిటికీల్ని లింటెల్ పోశాక, గోడ లేచాక, ఖాళీలో నిలబెట్టి బిగిస్తారు. ఫ్రేముకీ లింటెల్‌కీ మధ్య ఒక వేలెడు సందు వదిలి, సిమెంటు కుక్కుతారు. బరువంతా లింటెల్‌దే, కిటికీది గాలీ వానా ఆపే పని మాత్రమే. ఈ ఇంట్లో ఆ ఏర్పాటు మెల్లగా తారుమారైంది.

లింటెల్ అడుగున ప్లాస్టింగు తడితే డొల్ల శబ్దం వచ్చింది. ఊడగొడితే కాంక్రీటు పెచ్చు కూడా దానితోనే వచ్చింది. లోపల మూడు చువ్వలు, పది మిల్లీమీటర్లవి, మధ్య భాగంలో సగానికి తక్కువ మిగిలాయి. చువ్వ మీద కాంక్రీటు కవరు అర అంగుళం ఉందేమో. సముద్ర తీరంలో కాంక్రీటుకి ఐఎస్ 456, అంటే కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం, ఇప్పుడు అడిగేది 45 మిల్లీమీటర్లు. పైగా, ఇల్లు కట్టినప్పుడు పెరట్లో బావి నీళ్లే వాడామని మాస్టారు చెప్పారు, ఆ నీళ్లు కాస్త ఉప్పన అని కూడా ఆయనే అన్నారు. ఉప్పు బయటి నుంచి వచ్చేది చాలదన్నట్టు లోపల కూడా కలిపి పోశారన్న మాట. ఇనుము తుప్పుగా మారితే ఉన్న చోటు చాలదు. తుప్పు రకాన్ని బట్టి రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది. చువ్వ ఉబ్బి కాంక్రీటుని పగలగొట్టింది, పగులులోంచి ఇంకా ఉప్పు గాలి దూరింది. లింటెల్ నెమ్మదిగా కిందికి వంగింది.

ఇటు కిటికీ పై కమ్మీ కూడా తుప్పు పట్టి పైకి ఉబ్బింది. మధ్యలో ఉన్న వేలెడు సందు అలా రెండు వైపుల నుంచీ పూడిపోయింది. ఒకసారి తగులుకున్నాక లింటెల్ వంగిన ప్రతి వెంట్రుక మందం బరువూ నిలువు కమ్మీల మీదికే.

మూడో కారణం మనుషులు చేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. గంటకి 180 కిలోమీటర్ల దరిదాపు గాలి. ఊళ్లో చెట్లన్నీ పడిపోయిన ఆ రోజు ఇక్కడివాళ్లెవరూ మర్చిపోరు. మాస్టారింట్లో నాలుగు అద్దాలు పోయాయి, సన్‌షేడ్ అంచు పగిలింది. రిపేరుకి వచ్చిన వాళ్లెవరో సన్‌షేడ్ పైన రెండంగుళాల మందాన సిమెంటు పోశారు, నీరు దిగకుండా. ఆ తర్వాత పై వాటా వాళ్లు ఏసీ పెట్టించుకుంటే, బయట పెట్టే యూనిట్‌ని బ్రాకెట్ ఖర్చు లేకుండా తీసుకొచ్చి ఆ సన్‌షేడ్ మీదే కూర్చోబెట్టారు. సన్‌షేడ్ గాలిలో వేలాడే పలక, దాన్ని వెనక పట్టుకున్నది ఈ లింటెలే.

సుమారు లెక్క వేశాను. ఇటుక గోడలో ఖాళీ పైన ఉన్న గోడంతా లింటెల్ మీద పడదు, పక్కలకి ఒరిగి త్రిభుజం ఆకారంలో ఉన్న ముక్కే పడుతుంది. ఆరడుగుల ఖాళీ, తొమ్మిదంగుళాల గోడ, ఆ ముక్క ఆరు వందల కిలోల పైమాటే. సన్‌షేడ్ మూడు వందలు, దాని మీద పోసిన సిమెంటు, ఏసీ కలుపుకుంటే టన్ను దాటుతుంది. అందులో ఎంత భాగం కిటికీ మోస్తోందో నేను చెప్పలేను గానీ, గ్రైండరు బ్లేడుని పట్టేసేంత మోస్తోంది. మూడు ముక్కలుగా తీద్దామనుకున్న మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. రెండో కమ్మీ కూడా కోసి ఉంటే సన్‌షేడ్ కింద హెల్పరు ముక్కలు అందుకోవడానికి నిలబడి ఉండేవాడు.

సాయంత్రం నాకు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూశారు. అతుకులు వద్దు, ఈ లింటెల్ తీసేసి కొత్తది పోయాల్సిందే అన్నారు. ఆయన చెప్పిన వరస ప్రకారం ముందు ఏసీ యూనిట్ దించాం, సన్‌షేడ్‌ని చివర నుంచి గోడ వైపు చిన్న చిన్న ముక్కలుగా కొట్టుకుంటూ వచ్చాం. లింటెల్‌కి రెండు వరసల పైన గోడలో రెండు కన్నాలు చేసి, ఇనప దూలాలు అడ్డంగా దూర్చి, వాటికి లోపలా బయటా జాకీలు పెట్టాం. పై గోడ ఆ దూలాల మీద కూర్చున్నాక, మొదట కట్టిన సరుగుడు కర్రలు తీసేసి, పాత లింటెల్ కొట్టేశాం. కిటికీ ఫ్రేము అప్పుడు తీస్తే, మిగతా ఎనిమిదింటిలాగే, చేత్తో వచ్చింది.

కొత్త లింటెల్‌కి మూడు పన్నెండు మిల్లీమీటర్ల చువ్వలు, రెండు పక్కలా గోడ మీద ఎనిమిదేసి అంగుళాల ఆనుగు, 45 మిల్లీమీటర్ల కవరు, మునిసిపాలిటీ నీళ్లు. చువ్వల కింద ఆ కవరు మందం నిలిపే బిళ్లలు పెట్టించడానికి మాత్రం మేస్త్రితో చిన్న వాదన జరిగింది. రాయి ముక్క పెడితే చాలదా అన్నాడు, చాలదన్నాను. ఇలాంటి దూలానికి కింద ఆసరా పద్నాలుగు రోజులు ఉంచాలి. మూడో రోజునే కాంక్రీటు గట్టిగా కనిపిస్తుంది, ఎవరికైనా తీసేయాలనిపిస్తుంది. ఉంచాం. ఆ పద్నాలుగు రోజులూ ముందు గదికి బరకమే కిటికీ. సముద్రం గాలికి రాత్రంతా అది టపటపా కొట్టుకుంటుంటే మాస్టారు నిద్ర లేకుండా గడిపారు. ఒకటీ రెండుసార్లు ఫోన్ చేసి గట్టిగానే అన్నారు. అనాల్సిందే.

ఆయన పెద్ద కిటికీకి మళ్లీ సిమెంటు సన్‌షేడే కావాలన్నారు. నేను వద్దన్నాను. తేలికపాటి అల్యూమినియం రేకు సన్‌షేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు బ్రాకెట్ల మీద బిగించాం. ఏసీ యూనిట్ పక్క గోడకి వెళ్లింది.

కొత్త కిటికీలు యూపీవీసీవి, అంటే గట్టి ప్లాస్టిక్‌వి. ఇది నాకు ఇష్టమైన సరుకేమీ కాదు, చూడ్డానికి లావుగా ఉంటుంది, పాత ఇనప కమ్మీ సన్నదనం దానికి రాదు. అయినా సముద్రానికి ఇంత దగ్గర్లో దాన్ని మించింది తక్కువ ధరలో లేదు. అయితే షరతులున్నాయి. కట్టడాల మీద పడే బరువులకి మన ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకి ఇచ్చిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, హైదరాబాదుకి 44. కాబట్టి లోపల గాల్వనైజ్డ్ ఇనుము ఉన్న సెక్షనే, అంటే ఫ్రేము కమ్మీయే, కావాలి, అది లేకుండా అమ్మేవీ ఉన్నాయి, కోత మొహం చూస్తే తెలిసిపోతుంది. సముద్రం వైపు జరిపే రెక్కలు వద్దు, తెరిచే రెక్కలే, నాలుగు చోట్ల పట్టే తాళంతో. స్క్రూలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్. 304 గ్రేడు ఇక్కడ రెండేళ్లకే గోధుమ రంగు మరకలు పెడుతుంది.

కొలత విషయంలో ఒక మాట. పాత ఫ్రేము ఉండగా తీసిన కొలతతో ఆర్డరు ఇవ్వకూడదు. ప్లాస్టింగు గీత కోశాక, ఇటుక నుంచి ఇటుకకి మూడు చోట్ల వెడల్పు, మూడు చోట్ల ఎత్తు, రెండు మూలల మధ్య ఐమూలగా రెండు కొలతలు తీసుకుని, వాటిలో చిన్నదాంట్లోంచి పది మిల్లీమీటర్లు తగ్గించాలి. అందుకే మేం పని మొదలుపెట్టడానికి వారం ముందే వచ్చి, ఒక్కో కిటికీకి ఒక పక్కా పైనా ప్లాస్టింగు కొద్దిగా తెరిచి కొలిచి, మళ్లీ తాత్కాలికంగా మూసి వెళ్లాం. పెద్ద కిటికీకి కూడా పైన తెరిచాను. ఎడమ చివర తెరిచాను. మధ్యలో తెరిచి ఉంటే పెచ్చు ఊడిన లింటెల్ ఆ రోజే కనిపించేది. ఇది రెండో తప్పు.

ఫ్రేముకీ గోడకీ మధ్య సందులో ఫోము కొట్టి, బయటి వైపు సిలికాన్ వేశాం. ఫోము ఒక్కటే వేసి వదిలేస్తే ఎండకి పొడైపోతుంది. సిల్‌ని బయటికి వాలుగా మార్చాం, పాతది లోపలికి వాలి ఉంది. గ్రిల్లు విడిగా, లోపలివైపు, గాల్వనైజ్ చేయించినవి. పడకగదిలో ఒక గ్రిల్లు తాళంతో తెరుచుకునేలా పెట్టించాం. నిప్పంటుకుంటే మనిషి బయటికి రావడానికి దారి ఉండాలి కదా అంటే, దొంగకి కూడా దారే కదా అన్నారు మాస్టారు. తాళం చెవి మంచం తలవైపు మేకుకి తగిలించారు.

మొత్తం ఏడు రోజుల పని ఇరవై అయిదు రోజులు పట్టింది. కొత్త లింటెల్‌కి సామాను ఖర్చు, ఇంజనీరు గారి ఫీజు మాస్టారు ఇచ్చారు, మా కూలి నేను తీసుకోలేదు. లింటెల్ పాడైంది నావల్ల కాదు. కానీ ముందే చూసి ఉంటే ఏసీ దించి, దూలాలు తెచ్చుకుని, కొత్త కిటికీ ఆర్డరు వెనక్కి జరిపి ప్లాను ప్రకారం చేసేవాళ్లం. ఆ పద్నాలుగు రోజుల బరకం వాళ్లకి తప్పేది కాదు గానీ, చెప్పి కట్టేవాళ్లం.

పాత ఇనుము 280 కిలోలు తూగింది. కొనే అతను పెయింటు పెచ్చుల కవర్లు కూడా ఇనుంతో పాటే వేసుకుంటానన్నాడు. ఇవ్వలేదు. మాస్టారు పెద్ద కిటికీ రెక్కల ఇత్తడి పిడులు మూడూ విప్పించి దాచుకున్నారు.

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మొదటి రోజే ప్రతి కిటికీ పై కమ్మీకీ నూలు దారం కడుతున్నాను. లింటెల్ మధ్యలో అరచేయంత ప్లాస్టింగు తెరుస్తున్నాను. రెక్క పట్టేసిందని ఎవరైనా అంటే, వానాకాలంలోనా, ఏడాది పొడుగునా అని అడుగుతున్నాను. వానాకాలంలో మాత్రమే అయితే గోడ చెమ్మ, తుప్పు. ఏడాది పొడుగునా, ఏటికేడాది ఎక్కువవుతుంటే పైకి చూడాలి.

మాస్టారింట్లో మిగిలిన లింటెల్స్ అన్నీ అదే ఏడాది, అదే బావి నీళ్లతో పోసినవే. పని అయిపోయిన రోజు సన్న పగుళ్లు కనిపించిన నాలుగు చోట్ల పాత కిటికీ అద్దం ముక్కలు కోసి, పగులుకి అడ్డంగా సిమెంటు ముద్దతో అతికించి, పెన్సిలుతో తారీకు రాశాను. గోడ కదిలితే అద్దం పగులుతుంది. ఆగస్టులో మనవడికి ఉయ్యాల కొక్కెం బిగించడానికి పిలిస్తే వెళ్లి చూశాను. మూడు బాగానే ఉన్నాయి. వంటింటి వెనక కిటికీ మీదిది నిలువునా చీలింది. దసరా వెళ్లాక అక్కడ జాకీలు పెడుతున్నాం.